వంశపారంపర్యపు పిస్తోలు: ప్రామాణ్యమూ, విలువా

మన ప్రాంతంలో పాత పెంకుటిల్లు విప్పిన ప్రతిసారీ ఏదో ఒక వస్తువు వెలుగులోకి వస్తుంది. ఒక ఇంట హాలీ సిక్కా నాణేలు, ఒక ఇంట జాగీరు సనదు, మరొక ఇంట తుప్పు పట్టిన కత్తి. వస్తువు బయటపడిన మరునాటికే దానికొక కథ పుడుతుంది. వారం తిరిగేసరికి ఆ కథకొక ప్రసిద్ధ పురుషుడు దొరుకుతాడు. నెల తిరిగేసరికి వెల కూడా నిర్ణయమైపోతుంది. ఈ మూడింటిలో కంటికి కనబడేది వస్తువు ఒక్కటే. కథ నిజమేనా, వెల న్యాయమేనా అని తేల్చవలసిన బాధ్యత చదువుకున్నవారిది. ఆ బాధ్యతను మనం ఏ మేరకు నెరవేరుస్తున్నామో ఒకసారి ఆలోచించుకోవలసిన అవసరం ఉన్నదని నా అభిప్రాయం.

నేను ఆయుధాల శాస్త్రం చదివినవాణ్ణి కాను. తెలుగు సాహిత్యం చదువుకొని, తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి. అయినా మూడేళ్ళ క్రితం ఒక పిస్తోలు నా ముందుకు వచ్చింది. అది నాకు నేర్పిన పాఠాన్ని, ఆ సందర్భంలో నేను చేసిన పొరపాటుతో సహా, విద్యార్థి మిత్రులకూ కళాశాల కమిటీ పెద్దలకూ విన్నవించుకోవడమే ఈ వ్యాసోద్దేశం.

అప్పుడు మన కళాశాలలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి తరగతి ముగిసిన తర్వాత నా దగ్గరకు వచ్చాడు. వారిది కాజీపేటలోనే రైల్వే కుటుంబం. తండ్రి లోకో షెడ్డులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. "సార్, మా ఇంట్లో ఫ్రెంచి సేనాని రేమండ్ పిస్తోలు ఉంది. దాని మీద ఏవో అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. తుప్పు కింద సరిగా కనబడటం లేదు" అన్నాడు. రేమండ్ పేరు వినగానే నాకు ఒళ్ళు పులకరించిన మాట దాచను. "అయితే దాన్ని శుభ్రంగా తుడిచి పెట్టు బాబూ, శుక్రవారం నమాజు తర్వాత మీ ఇంటికే వచ్చి చదువుతాను" అన్నాను. ఆ మాట ఎంత తెలివితక్కువదో తెలియడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

రేమండ్ ఎవరో ఈ తరం విద్యార్థులకు క్లుప్తంగా చెప్పవలసి ఉంటుంది. మిషెల్ జొవాషిం మరీ రేమండ్ 1755లో ఫ్రాన్సులో జన్మించి, 1775లో పుదుచ్చేరి చేరి, తరువాత రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ కొలువులో ప్రవేశించాడు. ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పి, పది వేలకు పైబడిన సిపాయిలతో నిజాముకు ఒక సైన్యాన్ని తయారు చేశాడు. 1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఖర్డా యుద్ధంలో ఆ సైన్యం పాల్గొన్నది. హైదరాబాదులో ఫతేమైదాను సమీపాన నేటికీ గన్ ఫౌండ్రీ అని పిలువబడే తోప్‌కా సాంచా ఆయన స్థాపించినదే. 1798 మార్చి 25న ఆయన మరణించాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఆంగ్లేయులు ఆయన సైన్యం చేత ఆయుధాలు కింద పెట్టించారు. హిందువులు ఆయనను మూసారామ్ అన్నారు, ముస్లిములు మూసారహీం అన్నారు. మూసారాంబాగ్ అనే పేట పేరులో ఆయన ఇంకా బతికే ఉన్నాడు. ఇంతటి మనిషి చేతి పిస్తోలు కాజీపేటలో ఒక రైల్వే కార్మికుని ఇంట ఉన్నదంటే ఎవరికి ఉత్సాహం కలుగదు?

శుక్రవారం వెళ్ళాను. పొరుగున ఉండే ఒక మాజీ సైనికోద్యోగిని కూడా వెంటబెట్టుకొని వెళ్ళాను. నేను చేసిన పనుల్లో తెలివైనది ఇదొక్కటే. ఆయన పిస్తోలును చూడగానే చేతితో తాకనివ్వలేదు. "ముందు ఇందులో మందు ఉన్నదో లేదో చూడాలి" అన్నారు. గొట్టం మూతిని గోడవైపు తిప్పించి, గజాన్ని లోపలికి దించి, అది ఎంతవరకు పోయిందో గుర్తు పెట్టి, అదే పొడవును గొట్టం వెలుపల సరిచూచారు. గజం అడుగువరకూ పోతే గొట్టం ఖాళీ. మధ్యలో ఆగితే లోపల గుండూ మందూ ఉన్నట్లు. మూతిలోనుంచి మందు కూరే పాత ఆయుధాలు ఎన్నో దశాబ్దాల క్రితం నింపినవి నింపినట్లే ఉండిపోవడం కద్దట. ఆ మందుకు ముసలితనం లేదని ఆయన అన్నమాట నాకింకా గుర్తుంది. అదృష్టవశాత్తు గొట్టం ఖాళీగానే ఉన్నది.

ఆ తర్వాత పిస్తోలును వెలుగులోకి తెచ్చి చూచాము. వెండిలాగా మెరుస్తున్నది! ఆ కుర్రవాడు నా మాటను అక్షరాలా పాటించాడు. రెండు రోజులపాటు ఇటుక పొడితోనూ, గరుకు కాగితంతోనూ రుద్ది రుద్ది తుప్పంతా వదిలించాడు. తుప్పుతోపాటు దాని కింద ఉన్నది కూడా వదిలిపోయింది. లాకు పలక మీద వెనుక కాళ్ళపై నిలిచి కిరీటాన్ని పట్టుకొన్న సింహం బొమ్మ ఛాయామాత్రంగా మిగిలింది. దాని పక్కన సంవత్సరం చెక్కి ఉండేదట. ఇప్పుడు 18 అనే రెండంకెలు మాత్రం కనబడుతున్నాయి. తరువాతి రెండంకెలు ఉన్నచోట నున్నని ఇనుము. పిడి చివర ఇత్తడి తొడుగు మీద దళానికో, సవారుకో సంబంధించిన గుర్తులు ఉండేవని తండ్రి చెప్పారు. అక్కడ కూడా గీతలు తప్ప ఏమీ లేవు.

పాత ఇనుము మీద గోధుమ రంగులో పేరుకొనే పొర మురికి కాదు. అది ఆ వస్తువు వయస్సుకు సాక్షి. కొంతవరకు దానికి కవచం కూడా. మెత్తని పొడిబట్టతో తుడిచి, పలుచగా నూనె రాసి, చెమ్మ తగలకుండా ఉంచితే చాలును. అంతకుమించి చేయదలచినవారు మ్యూజియంలో ఆ పని తెలిసినవారిని అడగాలి. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉండవలసింది. తాళపత్రాన్ని సబ్బునీటితో కడిగి తీసుకురమ్మని నేను ఏ విద్యార్థికైనా చెబుతానా? శాసనం సరిగా కనబడటం లేదని రాతిని ఉలితో గీకమంటానా? ఇనుము గట్టిది కదా అనే భ్రమలో అక్షరాలా అదే పని చేయించాను. ఆ రెండంకెలను చెరిపిన చేయి ఆ పిల్లవానిదైనా, చెరిపించిన మాట నాది.

ఇక మిగిలిన సాక్ష్యం ఏమి చెబుతున్నదో చూద్దాం. ఆయుధాన్ని పరీక్షించేటప్పుడు మొదట చూడవలసినది అది పేలే విధానాన్ని. పద్దెనిమిదవ శతాబ్దపు పిస్తోళ్ళు చెకుముకి పిస్తోళ్ళు. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కుపలకకు రాచుకొని నిప్పురవ్వలు రాలుతాయి. పక్కనున్న చిన్న పళ్ళెంలోని రంజకు అంటుకొని, సన్నని రంధ్రం ద్వారా లోపలి మందును పేల్చుతుంది. దీనికి భిన్నమైనది టోపీ విధానం. ఇందులో రాయీ లేదు, పళ్ళెమూ లేదు. చిన్న మొన మీద తొడిగిన రాగి టోపీ సుత్తి దెబ్బకు పేలుతుంది. దెబ్బతో పేలే రసాయనాన్ని తుపాకికి వాడే పద్ధతికి స్కాట్లండుకు చెందిన మతగురువు అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందాడు. రాగి టోపీలు 1820ల నుండి వాడుకలోకి వచ్చాయి. ఆంగ్లేయ సైన్యాలు 1840 ప్రాంతంలో ఈ విధానానికి మారాయి. మా ముందున్నది టోపీ పిస్తోలు. 1798లో కన్నుమూసిన రేమండ్ టోపీ పిస్తోలును కలలో కూడా చూచి ఉండడు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పరాదు. పాత చెకుముకి ఆయుధాలను తరువాతి కాలంలో టోపీ విధానానికి మార్చుకొన్న సందర్భాలు కోకొల్లలు. ఆ కుర్రవాడు కూడా ఈ ప్రశ్నే వేశాడు. ప్రశ్న మంచిదే, జవాబు లాకు పలక మీదనే ఉంటుంది. చెకుముకి లాకును మార్చినప్పుడు పళ్ళెం, ఉక్కుపలక, దాని స్ప్రింగు తీసివేస్తారు. అవి బిగించి ఉండిన మరల రంధ్రాలను ఇనుముతో పూడ్చుతారు. పూడ్చిన చోటు ఎంత నేర్పుగా చేసినా పలక లోపలివైపు తిప్పి చూస్తే తెలిసిపోతుంది. మా మాజీ సైనికుడు లాకు విప్పి చూపించారు. పూడ్చిన రంధ్రం ఒక్కటి కూడా లేదు. అది పుట్టుకతోనే టోపీ పిస్తోలు.

రెండవ సాక్షి ఆ సింహం. ఈస్టిండియా కంపెనీ తన ఆయుధాల మీద మొదట హృదయాకారంలో నాలుగు గళ్ళు గీసి, గళ్ళలో అక్షరాలు ఉంచిన వ్యాపార ముద్రను వేసేది. కిరీటం పట్టిన సింహం ముద్ర 1808 ప్రాంతం నుండి వచ్చింది. 1858లో కంపెనీ పరిపాలన అంతరించడంతో ఆ ముద్ర కథ కూడా ముగిసింది. మూడవ సాక్షి గజం. అది విడిగా ఊడిరాదు. గొట్టం మూతి దగ్గర రెండు చిన్న కడ్డీలతో తిరిగేటట్లు బిగించి ఉన్నది. గుర్రం మీద ఉన్నవాని చేతినుండి జారి కింద పడకుండా చేసిన ఏర్పాటది. అనగా ఇది దొరల నడుమున అలంకారంగా వేలాడే ఆయుధం కాదు, గుర్రపు సవారు పని ఆయుధం. నాలుగవ సాక్షి మిగిలిన ఆ 18. అది ఒక్కటి చాలు, రేమండ్ ఈ వ్యవహారంలోనుంచి తప్పుకోవడానికి.

ఇది ఇటీవల అలంకారం కోసం తయారైన నకలు కాదా అని కూడా చూడవలసి ఉంటుంది. గోడలకు తగిలించుకొనే నకళ్ళు మన దేశంలోనే విస్తారంగా తయారై విదేశాలకు సైతం పోతున్నాయి. వాటిలో ముద్ర అచ్చులో పోతపోసినట్లు మొద్దుగా ఉంటుంది. అసలు ముద్రలను ఉక్కు అచ్చుతో కొట్టేవారు. గీత అంచు పదునుగా, ఇనుము లోపలికి నొక్కుకొని ఉంటుంది. నకలులో కర్రకు రంగు పూసి ముసలితనం తెప్పిస్తారు. అసలులో చేయి పట్టే చోట మాత్రమే కర్ర అరుగుతుంది, మూలల్లో కాదు. గొట్టం మీద పరీక్ష ముద్రలను కూడా వెదకాలి. లండనులో తుపాకి పనివారి సంఘానికి 1637లోనే రాజపత్రం లభించింది. బర్మింగ్‌హాములో పరీక్షాలయం 1813లో ఏర్పడింది. కనుక బర్మింగ్‌హాము పరీక్షాలయపు ముద్ర ఉన్న గొట్టాన్ని అంతకు ముందటి కాలానికి అంటగట్టడం సాధ్యం కాదు. మా పిస్తోలు కర్ర అరుగుదల, లాకు లోపలి ఆకురాయి గుర్తులు చూచి అది నకలు కాదని తేల్చుకొన్నాము. కాబట్టి వస్తువు అసలైనదే. కథ మాత్రం అసలైనది కాదు. ఈ రెండూ వేరువేరు ప్రశ్నలని విద్యార్థులు ముఖ్యంగా గమనించాలి.

శాసనాలు చదివినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. కూటశాసనం ఎలా పట్టుబడుతుంది? ఒక రాజు పేరు చెప్పుకొనే రాగిరేకు మీద ఆ రాజు తరువాత ఎంతో కాలానికి గాని పుట్టని లిపి కనబడుతుంది. లేదా చెప్పిన తిథికీ వారానికీ పొత్తు కుదరదు. అబద్ధం చెప్పేవాడు తన కాలపు వాసనను కడుక్కోలేడు. టిప్పు సుల్తాను వస్తువుల విషయంలోనూ అంతే. ఆయన తన రాజ్యంలో మౌలూదీ శకాన్ని ప్రవేశపెట్టాడు. ఆయన నాణేలపై ఆ శకపు సంవత్సరాంకెలు కుడినుండి ఎడమకు ఉంటాయి. ఈ సంగతి తెలియని నకిలీ పనివాడు అంకెలను మనం రాసే వరుసలో కొట్టి దొరికిపోతాడు.

మరి రేమండ్ ఆ ఇంట్లోకి ఎలా ప్రవేశించాడు? ఈ ప్రశ్నకు సమాధానం పిస్తోలులో దొరకదు, మనుష్యులలో వెదకాలి. మన పెద్దలు హదీసును స్వీకరించే ముందు మాటను మాత్రమే చూడలేదు. ఆ మాటను ఎవరు ఎవరినుండి విన్నారో ఆ పరంపరను, అంటే ఇస్నాదును, ఒక్కొక్క మనిషి పేరుతో పరిశీలించారు. గొలుసులో ఒక్క కడియం తెగినా మాట బలహీనమని తేల్చారు. ఆ పరీక్షను ఇక్కడ కూడా పెట్టి చూచాను. కుర్రవాడు తండ్రి చెప్పాడన్నాడు. తండ్రిని అడిగితే, పదిహేనేళ్ళ క్రితం పాత సామాను కొనడానికి హైదరాబాదు నుండి వచ్చిన ఒక వ్యాపారి దీనిని చూచి "ఇది రేమండ్ కాలపుది కావచ్చు" అన్నాడన్నారు. వ్యాపారి నోట "కాలపుది కావచ్చు" అన్న మాట తండ్రి నోట "రేమండ్‌ది" అయింది. కుమారుని నోట "రేమండ్ చేతిలోది" అయింది. మూడు కడియాల గొలుసు! దానికి వెనుక ఏమీ లేదు.

కాని ఆ ఇంట్లో మరొక గొలుసు ఉన్నది. దానిని ఎవరూ అడగలేదు. వసారాలో మంచం మీద కూర్చొన్న దాదీ అమ్మను అడిగాను. ఆమెకు ఎనభై దాటాయి. "రేమండా? ఆ పేరు నేను వినలేదు బేటా. మా అత్తగారు చెప్పేది, మా మామగారి తాత బొలారం రిసాలే మే థే. గుర్రం ఆయనదే, కత్తి ఆయనదే, ఈ తమంచా ఆయనదే" అన్నది. 1948లో పోలీసు చర్య జరిగినప్పుడు భయపడి ఇంట్లో కత్తిని బావిలో పడవేశారట. పిస్తోలును మాత్రం అత్తగారు వడ్ల గుమ్మి అడుగున దాచిందట. ఆమె చెప్పిన మాటల్లో ప్రసిద్ధుని పేరు ఒక్కటి కూడా లేదు. అతిశయోక్తి లేదు. ఆ మాటలను నమ్మాలనిపించడానికి అదే కారణం.

చరిత్ర తెలిసినవారికి దాదీ అమ్మ మాటల్లో ఒక చిన్న మెరుపు కనబడుతుంది. బొలారం హైదరాబాదు కంటింజెంటు సైన్యానికి ముఖ్య స్థావరం. నిజాం ఖర్చుతో, ఆంగ్లేయాధికారుల కింద నడిచిన సైన్యమది. 1853 ఒడంబడికలో దాని ఖర్చుల కోసమే బేరారు ప్రాంతాన్ని ఆంగ్లేయుల పరిపాలనకు అప్పగించవలసి వచ్చింది. 1858లో ఆ సైన్యం మధ్య భారతంలో సర్ హ్యూ రోజ్ కింద పోరాడింది. 1903లో ఆంగ్లేయ భారత సైన్యంలో కలిసిపోయింది. దాని అశ్వదళం సిలేదారీ పద్ధతిలో నడిచేది. అనగా సవారు తన గుర్రాన్నీ సరంజామానూ తానే సమకూర్చుకొని కొలువులో చేరేవాడు. "గుర్రం ఆయనదే, కత్తి ఆయనదే" అన్న మాటకు అర్థమిదే. ఆ పద్ధతి పేరు కూడా ఎరుగని ముసలమ్మ నోట దాని లక్షణం చెక్కుచెదరకుండా వచ్చింది. ఇది నిరూపణ కాదు. పిస్తోలు కాలానికీ, సవారు ఆయుధమన్న గుర్తుకూ, ఇంటి మాటకూ పొత్తు కుదురుతున్నదని మాత్రం చెప్పవచ్చు. చెరిగిపోయిన ఆ రెండంకెలూ, ఇత్తడి తొడుగు మీది గుర్తులూ ఉండి ఉంటే ఆ సవారు ఏ దళంలో ఉన్నాడో, 1857 తిరుగుబాటుకు ముందు ఈ పిస్తోలు ఆయన చేతికి వచ్చిందో లేదో తేలి ఉండేదేమో. ఆ అవకాశాన్ని నేనే పోగొట్టాను.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. ఆ కుటుంబంలో ఆడపిల్ల ఇంజనీరింగు చదువు ఫీజుకు డబ్బు అవసరం ఉన్నది. కొంటానన్న వ్యాపారి ఒక షరతు పెట్టాడు. "ఇది రేమండ్ పిస్తోలు అని కళాశాల లెటర్‌ప్యాడు మీద ఒక లెక్చరరు సంతకం ఉంటే పది రెట్లు ఇస్తాను" అన్నాడు. తండ్రి నా చేతులు పట్టుకొని, "లెక్చరర్ సాబ్, మీరు ఒక్క మాట రాస్తే మా బిడ్డ చదువు గట్టెక్కుతుంది. ఎవరికి నష్టం?" అని అడిగారు. నేను రాయలేదు. చాలా రోజులు ఆ కుర్రవాడు నాకు సలాము కూడా చెప్పలేదు. పెద్దమనిషి ఒకరు నాతో, "రేమండ్ పేరుతో మన కళాశాలకు కూడా పేరు వచ్చేది కదా" అన్నారు. వీరి ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత నామీద ఉన్నది.

ఎవరికి నష్టం? మొదట కొన్నవానికి నష్టం. అతడు పొందని వస్తువుకు వెల చెల్లిస్తాడు. అతడు ధనవంతుడే కావచ్చు. అయినా మోసం మోసమే. రెండవది, కళాశాల సంతకానికి నష్టం. రేపు ఇదే లెటర్‌ప్యాడు మీద మన విద్యార్థికి మార్కుల గురించో, నడవడి గురించో రాసి ఇస్తాము. ఆ కాగితాన్ని ఎవరు నమ్మాలి? మూడవ నష్టం అన్నిటికంటె పెద్దది, ఎవరూ లెక్కపెట్టనిది. రేమండ్‌కు హైదరాబాదులో గుట్ట మీద సమాధి ఉన్నది, ఆయన పేరున పేట ఉన్నది, చరిత్ర గ్రంథాల్లో అధ్యాయాలు ఉన్నాయి. ఆ బొలారం సవారుకు ఏమున్నది? సమాధి ఎక్కడో తెలియదు. పేరు ఇంట్లోవారికే గుర్తులేదు. ఆయన బతికాడనడానికి ఈ లోకంలో మిగిలిన సాక్ష్యం ఈ పిస్తోలు, ఒక ముసలమ్మ జ్ఞాపకం. ఆ పిస్తోలును కూడా పట్టుకుపోయి రేమండ్ చేతిలో పెడితే, మన తాతను మనమే రెండవసారి పాతిపెట్టినట్లు కాదా?

బజారు వెల గురించి కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. కంపెనీవారి సవారు పిస్తోళ్ళు వేల సంఖ్యలో తయారయ్యాయి. కాబట్టి అవి అరుదైనవి కావు. ముద్రలు చెదరక, భాగాలన్నీ మొదటివే అయి, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చిందో కాగితాలు ఉన్నప్పుడే మంచి వెల పలుకుతుంది. 2023 మే నెలలో లండనులో టిప్పు సుల్తాను ఖడ్గం వేలంలో కోటి నలభై లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఆ ధర ఉక్కుకు మాత్రమే వచ్చినది కాదు. 1799లో శ్రీరంగపట్టణం పడిపోయిన తర్వాత అది సేనాని బెయిర్డుకు బహూకరింపబడిందన్న పరంపరకు వచ్చిన ధర అది. మనవారు ఈ వార్త చదివి వస్తువుకు పేరు తగిలిస్తే ధర వస్తుందనుకొంటున్నారు. తగిలించిన పేరుకు కాదు, నిలబడిన సాక్ష్యానికి ధర వస్తుంది. గరుకు కాగితంతో మన కుర్రవాడు రుద్దివేసింది ఆ సాక్ష్యాన్నే.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండడం మంచిది. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షను పాతకాలపు నమూనాకు చెందినవీ, పురావస్తువిలువ కలవీ, పాడైనవీ అయిన ఆయుధాలకు మినహాయింపు ఇస్తున్నది. కాని మరమ్మతు చేసినా చేయకపోయినా పేలడానికి వీలులేనిదై ఉండాలన్నది షరతు. ఇది తాతగారిది కదా అని ఇంట్లో పెట్టుకొంటే సరిపోదు. లైసెన్సు ఇచ్చే అధికారికి తెలియజేసి లిఖితపూర్వకంగా జవాబు తీసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇట్టి వస్తువులను విదేశాలకు పంపే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. వాటి వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. ఏ విద్యార్థీ ఇటువంటి వస్తువును సంచిలో వేసుకొని కళాశాలకు తీసుకురాకూడదు. మాట తెస్తే చాలు, మేమే వస్తాము.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ఏ వస్తువు ప్రామాణ్యాన్ని గురించైనా కళాశాల పేరున ధ్రువపత్రం ఇవ్వకూడదని ఒక తీర్మానం చేయాలి. దానికి బదులు చరిత్ర, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఒక దస్త్రం తెరవాలి. కాజీపేట, హనుమకొండ, వరంగల్లు ఇళ్ళలో ఉన్న పాత సనదులు, ముద్రలు, నాణేలు, ఆయుధాలు, చేతిరాత పుస్తకాలు, వేటినీ యజమాని దగ్గరనుండి తీసుకోకుండా, ఉన్నవి ఉన్నట్లు ఫోటో తీసి, కొలతలు రాసి, ఇంటి పెద్ద చెప్పిన మాటను ఆమె పలికిన మాటల్లోనే ఉర్దూలోగాని తెలుగులోగాని రాసుకోవాలి. ఎవరు ఎవరినుండి విన్నారో పేర్లతో రాయాలి. మన అభిప్రాయాన్ని వేరే కాగితం మీద రాయాలి. ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది ఓపిక, ఒక నోటు పుస్తకం. నిర్ణయం మన శక్తికి మించినప్పుడు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల శాఖ ఉండనే ఉన్నది. కాజీపేట నుండి రైలెక్కితే పూటలో చేరవచ్చు.

విద్యార్థి మిత్రులకు నా మనవి మరింత చిన్నది. ఇంట్లో పాత వస్తువు కనబడితే రుద్దవద్దు, తుడవవద్దు, విప్పవద్దు. మొదట దాని ఫోటో తీయండి. తరువాత నాన్నను కాదు, దాదీని, నానీని, నానమ్మను, అమ్మమ్మను అడగండి. వారు చెప్పినదానికి ఒక్క మాట కూడా చేర్చకండి. "ఎవరు చెప్పారు?" అన్న ప్రశ్నను చివరి కడియం వరకూ అడగండి. గొప్పవాని పేరు దొరకలేదని చిన్నబుచ్చుకోకండి.

ఆ పిస్తోలు అమ్ముడుపోలేదు. అధికారులకు తెలియజేసి వారే ఇంట్లో ఉంచుకొన్నారు. ఆడపిల్ల ఫీజును ఆ కుటుంబం అప్పు చేసి కట్టింది. ఆ అప్పులో నా నిరాకరణకు కూడా వాటా ఉన్నదని నాకు తెలుసు. కిందటి సంవత్సరం ఈద్ నాడు ఆ కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కాగితం. దాదీ అమ్మ చెప్పిన మాటలన్నీ తేదీ వేసి రాసుకొన్నాడు. చివర ఒక వాక్యం తనంతట తానే చేర్చాడు: పిస్తోలు మీద సంవత్సరంలో చివరి రెండంకెలు నా చేత చెరిగిపోయినవి. నేను కలం తీసుకొని ఆ వాక్యం కింద, చెరపమన్నది నేను అని రాసి సంతకం చేశాను. ఆ పిస్తోలు విషయంలో నేను ధైర్యంగా ఇవ్వగలిగిన ధ్రువపత్రం అదొక్కటే.